ఆండాళ్ చేసిన చక్రాల ఓడ

ఆండాళ్‌ది పళ్లు చేసే ఉద్యోగం. షికాగో పక్కన స్కోకీలో ఒక డెంటల్ ల్యాబ్‌లో కట్టుడుపళ్లకు అచ్చులు పోసేది. భర్త హరనాథ్‌తో డెబ్బై ఒకటిలో వచ్చినప్పుడు ఇంగ్లిషంటే బెరుకు. నోటికి లొంగని భాష సంగతెలా ఉన్నా, మైనమూ ప్లాస్టరూ ఆమె చేతికి ఇట్టే లొంగాయి.

ఎనభైలో పక్కింటి వాల్టర్‌కు భార్య పోయింది. ఆండాళ్ అప్పుడప్పుడు పులిహోర పట్టుకెళ్లి, ఆయన తినేదాకా కూర్చునేది. ఒకరోజు ఆయన యుద్ధంలో తాను పనిచేసిన ఓడ గురించి చెప్పాడు. మొదట అది అక్కడి పెద్ద సరస్సుల్లో విహారానికి వచ్చినవాళ్లను తిప్పే స్టీమర్. రెండు పక్కలా పెద్ద చక్రాలు నీళ్లను తోస్తుంటే నడిచేది. నేవీ దాన్ని తీసుకుని, పై అంతస్తులు కోసేసి, పొడవాటి చెక్క డెక్ పరిచింది. మిషిగన్ సరస్సులో కొత్త పైలట్లు దానిమీద విమానం దించడం నేర్చుకునేవారు. కింద బాయిలర్లో బొగ్గు వేసింది వాల్టర్. యుద్ధమయ్యాక ఓడ తుక్కు కింద పోయింది.

"చక్రాల ఓడమీద విమానాలేమిటని మాజీ సైనికుల క్లబ్‌లో నవ్వుతారు. చూపిద్దామంటే ఒక్క ఫొటో లేదు," అన్నాడు.

"మీరు చెప్పండి, నేను చేస్తాను," అంది ఆండాళ్.

ఆదివారాలు వాల్టర్ గరాజ్‌లో పని సాగింది. ఐస్‌క్రీమ్ పుల్లలతో డెక్ కుదిరింది. చక్రాలకు ఒక్కొక్క ఆకూ మైనంతో దిద్ది, పోతపోసి బిగించింది. వాల్టర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"చక్రాలు బయటికి కనబడవు. పెట్టెల్లో ఉంటాయి."

ఆండాళ్ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చి, "ఏవండీ, అంత కష్టపడి చేస్తే మూసెయ్యాలట!" అంది.

"ఆయన ఓడ కదా. మూసెయ్," అన్నాడు హరనాథ్.

మూసింది. కానీ కట్టుడుపళ్లలా ఊడదీసి మళ్లీ పెట్టేలా మూత చేసింది. అది చూసి వాల్టర్ పగలబడి నవ్వాడు. భార్య పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ దసరాకు ఆండాళ్ బొమ్మల కొలువులో కింది మెట్టుమీద ఓడ పెట్టి, వాల్టర్‌నూ పిలిచింది.

"ఇదేంటి ఆండాళ్, రాముడి కింద వార్‌షిప్ పెట్టావ్?" అంది స్నేహితురాలు డాక్టర్ వసుమతి.

"అది వాల్టర్ గారిది. ఆయన్నే అడుగు."

వసుమతి కూతురు రేణు ముందే అడిగేసింది: "అంకుల్, ప్లేన్స్ నీళ్లలో పడలేదా?"

"కొన్ని పడ్డాయి," అన్నాడు వాల్టర్. "తడిసి ముద్దయిన ఒక కుర్రాణ్ణి బాయిలర్ దగ్గర కూర్చోబెట్టాను. పళ్లు టకటకలాడుతూనే, మళ్లీ ఎప్పుడు ఎగరనిస్తారని అడిగాడు."

పిల్లలు ఆయన్ని వదల్లేదు. పెద్దవాళ్లు చేతుల్లో శనగలు పెట్టుకుని అలాగే వింటూ నిలబడ్డారు.

రేణు వెళ్లి స్కూల్లో చెప్పింది. టీచర్ ఇద్దర్నీ పిలిచింది. వాల్టర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓడ కథ చెబితే, ఆండాళ్ మూత తీసి చక్రం తిప్పింది. ఆ తర్వాత టీచర్, శనివారాలు పిల్లలకు బొమ్మలు చేయడం నేర్పమని ఆమెను అడిగింది.

"నా ఇంగ్లిష్ వాళ్లకు అర్థమవుతుందా?" అంది ఆండాళ్ వాల్టర్‌తో.

"నాకు అవుతోందిగా," అన్నాడాయన.

మొదటి శనివారం మాట తడబడ్డప్పుడల్లా చేసి చూపించింది. నెల తిరిగేసరికి పిల్లలకు కుర్చీలు చాలక, వాల్టర్ తన వంటింటి కుర్చీలు కార్‌లో వేసుకొచ్చాడు.