ఒంటి మడత గొట్టం

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది నన్ను మాచర్లలో ఒక ప్రైవేటు బడి వ్యాన్ల షెడ్డుకు హెడ్ మెకానిక్‌గా వేశారు. నా పైఅధికారి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి. ఆయన అర్హత ఒక్కటే, కరస్పాండెంటుగారి బామ్మర్ది. రెంటచింతల ఎండకు డ్రైవర్లు బానెట్ మీదే అట్లు పోసుకుంటారని నేను చెబితే, పిండి ఎవరిస్తారని అడిగిన మనిషి. స్పానర్లు కొనే అధికారం ఆయనదే.

ఆ రెంటచింతల వెళ్ళే వ్యానుకే వెనక చక్రాలకు బ్రేక్ ఆయిల్ మోసే ఇనప గొట్టం తుప్పుపట్టి కారింది. మర్నాడు పొద్దున్నే పిల్లలు ఎక్కాలి. కొత్త గొట్టం మూతిని గరాటులా విప్పడాన్ని ఫ్లేరింగ్ అంటాం. ఫ్రిజ్ రాగి గొట్టానికి ఒక మడత చాలు. బ్రేకు గొట్టానికి అంచును లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి. లేకపోతే పెడల్ ఒత్తిడికి పగులుతుంది. అందుకు సైజుకో బొడిపె ఉన్న టూలు కావాలని రాసిచ్చాను.

ఆయన ఫోన్లో తెప్పించింది ఫ్రిజ్ టూలు. బొడిపెలేవీ అంటే, "అవన్నీ పాతకాలం వేషాలయ్యా, నేను వీడియో చూశా" అని తానే కూర్చుని మూతి విప్పాడు. అంచున వెంట్రుకంత పగులు. దాని మీద తెల్ల టేపు చుట్టమన్నాడు. ఫ్లేరు దగ్గర ఇనుమును ఇనుము ఒత్తుకునే ఆయిల్ ఆగాలి. టేపుతో ఆగేది పంచాయతీ కుళాయి.

ఆయన పట్టుబట్టి అలాగే బిగింపించాక డ్రైవర్ మస్తాన్ వలీ అడ్డం తిరిగాడు. "మా షెడ్డులో ఒక రివాజుంది సార్. మూతి విప్పినోళ్లే ట్రయలుకు ముందు సీట్లో కూకోవాల. ఎక్కండి."

"నాకు మీటింగుంది."

"ఏంది సార్, మీరెక్కని బండ్లో పిల్లోళ్లను ఎక్కించమంటారా?"

ఇన్‌ఛార్జి రోషపడి, అక్కడే బ్రేకు తొక్కి చూడమని తాను బండి కిందికి వంగాడు. మస్తాన్ మనసారా తొక్కాడు. ఆయిలంతా తెల్లచొక్కా మీదే.

బజారులో మెకానిక్ కరీముల్లా భాయ్ దగ్గర సరైన టూలు అడిగి తెచ్చాను. కొత్త గొట్టం కోసి, గరుకు తీసి, మూతిని బొడిపె గట్టు ఎత్తున బయటికి ఉంచి టూలులో బిగించాను. బొడిపెతో నొక్కి ఉబ్బించి, దాన్ని తీసేసి కోనుతో లోపలికి మడిచాను. రెండు మూతులూ అద్దాల్లా వచ్చాయి. అందరికీ చూపించాను. అప్పుడు కనిపించాయి, బల్ల మీద రెండు నట్లు. అవి మూతి విప్పకముందే గొట్టానికి తొడగాలి. తర్వాత ఎక్కవు.

ఇన్‌ఛార్జి పగలబడి నవ్వాడు. "ఒరేయ్ మస్తానూ, మీ మేస్త్రి గూడా వీడియో చూశాడురా!"

గొట్టం కాస్త బారుగా కోశాను గనుక బతికిపోయాను. ఒక మూతి కోసేసి, నట్లు ఎక్కించి, మళ్ళీ మడిచాను. బండికి బిగించి, ఆయిల్లో చేరిన గాలి తీసి, ముందు సీట్లో నేనే కూర్చున్నాను. బ్రేకు నిలిచింది. మర్నాడు వ్యాను వేళకే వెళ్ళింది.

ఆ ఉద్యోగం నేర్పింది ఇదీ: టూలు కొనేముందు అది ఏ ఒత్తిడికి చేసిందో చూడాలి, వాడేముందు నట్టు చూడాలి. మొదటి పనికి ఇన్‌ఛార్జి ఏనాడూ పనికిరాలేదు. రెండో పనికి ఆ పూట నేనూ పనికిరాలేదు.