గ్లాసు అడుగున బూడిద

ఏడేళ్లుగా ఒక ఫోన్ కాల్‌ను మోస్తున్నాను. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కడప వైపు. కువైట్‌లో, సాల్మియాలో సముద్రం కనిపించే ఒక ఫ్లాట్‌లో వంట చేస్తాను. నాతోపాటు సీతి అనే ఇండోనేషియా అమ్మాయి ఆ ఇంటి పిల్లల్ని చూసుకుంటుంది. ఏళ్ల తరబడి ఒకే వంటగదిలో ఉండి నా తెలుగంతా నేర్చేసుకుంది, యాసతో సహా. వాళ్ల ఊరు పొగ కక్కే కొండ కింద ఉంది. వాళ్ల అవ్వ కాలంలో ఆ కొండ పగిలి, మండే బూడిద దిగివచ్చి సగం ఊరిని కప్పేసిందట. మిగిలినవాళ్లు తిరిగొచ్చి ఆ బూడిదలోనే మిరప నాటారట. పంట బాగా వస్తుందట! విని నవ్వాను. కూటి కోసం ఈ ఎండలోకి వచ్చినదాన్ని, నేనా నవ్వేది?

ఆ ఇంట్లో మాకు రెండు కట్టుబాట్లు. పని వేళల్లో మా ఫోన్లు వంటగది సొరుగులో ఉండాలి; పెద్దదాన్నని తాళంచెవి నాకిచ్చింది మామా, అంటే మా యజమానురాలు. సెలవు మీద ఇద్దరిలో ఒకరే వెళ్లాలి. ఆ ఏడాది వంతు నాది. నా కూతురికి తొలికాన్పు. నాలుగు రోజుల్లో ప్రయాణం.

ఆ మధ్యాహ్నం సీతి పిల్లల కోసం బడికెళ్లింది. సొరుగులో ఆమె ఫోన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఎత్తాను. వాళ్ల అన్న. సౌదీలో పనిచేసి వచ్చినవాడు, అరబీ బాగా మాట్లాడాడు. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. కొండ రేగింది, ఊరు ఖాళీ అవుతోంది, అమ్మ మాత్రం ఆవును వదిలి కదలనంటోంది, సీతి చెబితేనే వింటుంది, ఒక్కసారి మాట్లాడించండి అన్నాడు. సరేనన్నాను.

చెప్పలేదు.

చెబితే మామా కాళ్ల మీద పడి ఏడుస్తుంది, ఆమెనే పంపుతారు, నా టికెట్ ఖలాస్ అనుకున్నాను. సీతికి కావాల్సింది సెలవు కాదు, ఫోన్‌లో ఒక్క మాట. అది నాకు తట్టలేదా, తట్టినా తోసేశానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తోసేశాననే తేలుతోంది. కాల్ వచ్చిన గుర్తు తుడిపేశాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. సాయంత్రం ఫోన్ ఆమె చేతికిచ్చేసరికే వాళ్ల ఊరికి లైన్ కలవడం లేదు.

అమ్మ కొట్టం దగ్గరే దొరికిందట, ఆవు పక్కనే. సీతిని చివరిచూపుకు కూడా పంపలేదు. నేను ఊళ్లో, మనవరాలిని ఎత్తుకుని ఉన్నాను కదా.

అప్పటి నుంచి దుమ్ముగాలి రేగినప్పుడల్లా సీతి కిటికీ దగ్గర గ్లాసుతో నీళ్లు పెడుతుంది, అమ్మకు దప్పికని. మిట్టమధ్యాహ్నమే ఆకాశం ఎర్రబడి లైట్లు వేసుకోవాల్సి వస్తుంది. గాలి తగ్గాక తుడిచేది నేనే. సోఫాల మీద, గడపల మీద ఎర్రటి దుమ్ము. ఆ గ్లాసు అడుగున మాత్రం బూడిద. నల్లగా, మెత్తగా. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని వేలితో తీసి చూశాను. వెచ్చగా ఉంది. నాకు భయం వేసింది, ఇప్పటికీ వేస్తుంది. ఇంట్లో అన్ని గిన్నెలూ కడిగే సీతి ఆ గ్లాసు మాత్రం ముట్టదు, నాకే వదిలేస్తుంది.

వాళ్ల అన్న ఆమెకు ఏం చెప్పాడో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మొన్నటి గాలికి సీతి నా పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, మా కొండ రేగిన పొద్దు నాకు ఫోనేమన్నా వచ్చిండెనా?"

"రాలేదు మే. వచ్చింటే చెప్పనా?"

గ్లాసు వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

సీతికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అది తెలిసే ఇలా రాస్తున్నాను. ఆ పిరికితనం కూడా నాదే. క్షమించమని ఎవరినీ అడగను. అడిగే ముఖం లేదు. అయినా రాస్తుంటే, ఏడేళ్ల తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.

వచ్చింది మే. రెండుసార్లు మోగింది. నేనే ఎత్తినా.