యాభై గంటల బూట్లు

ఆ రోజుల్లో, అంటే ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా మొలవక ముందు, నాకు తెలిసిన మంచు మా ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే. దాన్ని కూడా అమ్మ చాకుతో గీకి పారేసేది. అలాంటి నేను ఇరవై నాలుగేళ్ల వయసులో, నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తూ, హిమాలయాల్లో ఎనిమిది రోజుల నడకకు పేరిచ్చేశాను. ఎందుకిచ్చానని అడగకండి, అమ్మ అడిగితేనే చెప్పలేకపోయాను. బుద్ధెరిగాక నా అంతట నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. దీంట్లో వెనక్కి తగ్గితే జన్మలో ఇంకోటి తీసుకోలేనని భయం.

పేరిచ్చిన వారానికి గైడు గారి దగ్గర్నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాలు బూట్ల గురించే. కొత్తవాటితో వస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి కాబట్టి ముందే యాభై గంటలు తొడుక్కుని నడవాలట, ఇంట్లో కూడా విప్పకూడదట. మొదటి రోజు ఆయనే స్వయంగా వంగి పరీక్ష చేస్తారట. బిరుసుగా ఉన్నాయా, ఆ మనిషి కింద క్యాంపులో వంటవాళ్లతో ఉండిపోవడమే. (ఉల్లిపాయలు తరగడానికి అంత దూరం పోవాలా? మా ఇంట్లోనే బోలెడున్నాయి.)

ఆడవాళ్ల సైజు దొరక్క, మందపాటి మేజోళ్లు రెండు జతలు వేసుకోవచ్చులే అని మగవాళ్ల బూట్లే కొన్నాను. చిక్కల్లా వాటిని ఎక్కడ తొడుక్కోవాలన్నదే. "ఇంట్లో బూట్లేమిటే, బుద్ధుందా? అవతల దేవుడి గది ఉంది," అంది అమ్మ. సరే, డాబా ఎక్కాను. మే నెల. అపార్ట్‌మెంటులోని అన్ని ఇళ్ల వడియాలూ పాత చీరల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆరుతున్నాయి, కాలు మోపే సందు లేదు. కంపెనీలో చూస్తే, ల్యాబు గడప దాటాలంటే బూట్లు బయట బల్ల కింద విడిచి తెల్ల చెప్పులు వేసుకోవాలి. బస్సు దిగి ఆ బల్ల దాకా నాలుగు నిమిషాలు, రానూపోనూ ఎనిమిది. యాభై గంటలకు ఏడాది పైనే పడుతుందని తేలింది. ప్రయాణమేమో ఐదు వారాల్లో.

పోనీ ఆదివారం కీసర గుట్ట ఎక్కుదామనుకుంటే, "ఆడపిల్లవి ఒంటరిగానా?" అంటూ అమ్మ వెంట వచ్చింది. మొదటి మెట్టు దగ్గరే "విప్పు" అంది. అక్కడ వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని తానే వాటిని నా సంచిలో కుక్కింది. పైన గుడి ముందు సంచికి కాపలాగా ఒకరం ఉండి, ఒకరి తర్వాత ఒకరం దణ్ణం పెట్టుకొచ్చాం. అలా బూట్లు నా వీపెక్కి గుట్ట చూసొచ్చాయి. ఆ ఉత్తరం రాసినాయన ఇంటికి అసలు గడపంటూ ఉందా అని నాకు పెద్ద అనుమానం పట్టుకుంది.

మర్నాడు కంపెనీ గేటు దగ్గర దిగాలుగా నిలబడ్డాను. అక్కడి వాచ్‌మన్‌ను కంపెనీలో అందరూ గేటు మామ అనే పిలిచేవారు. "ఏంది బిడ్డా, మొఖం గట్ల వెట్టినవ్?" అన్నాడు. అంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"గింతేనా? గివి జర నాకియ్యి. పొద్దుగాల సంది పొద్దుగూకే దాంక గేటుకాడ తిరుగుడే నా పని. మెత్తగ జేసిస్త, ఫికర్ వెట్టుకోకు."

రబ్బరు చెప్పులు పక్కన విడిచి, అక్కడే తొడుక్కున్నాడు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. రెండు వారాలు మామ నడకే మారిపోయింది. సరుకు లారీలకు కూడా సెల్యూట్ కొట్టేవాడు. సాయంత్రం నేను బయటికి రాగానే ఒకదాన్ని విప్పి వంచి చూపించేవాడు. "సూడు బిడ్డా, చపాతి లెక్క వంగుతున్నది!"

కొండల్లో మొదటి ఉదయం గైడు గారు వంగి నా బూట్లు నొక్కారు, మడమ తట్టారు, తక్కిన వాళ్లను పిలిచి చూపించారు. "బూట్లంటే ఇవీ! రోజుకు ఎంతసేపు తొడిగారు?"

"పన్నెండు గంటలు," అన్నాను. అబద్ధం కాదు. ఎవరు తొడిగారని ఆయన అడగలేదు.

మధ్యాహ్నానికి నాలుగు బొబ్బలు. బూట్లు లొంగింది మామ వేళ్లకు, నా కాళ్లు వాటికి పరాయివి. గైడు గారు ఒకసారి బూటునూ ఒకసారి నా పాదాన్నీ చూసి, "ఇంత మెత్తటి బూట్లతో ఇదెలా?" అని తికమకపడ్డారు. నేనూ ఆయనతో పాటు తికమకపడినట్టే మొహం పెట్టాను. చున్నీ చింపి కాళ్లకు చుట్టుకుని కుంటుతూ నడిచాను. ఐదో రోజు కాలి కింద మంచు కరకరలాడింది. ఏడుపొచ్చింది, నొప్పికో సంతోషానికో తెలియలేదు. వెనక్కి తిరిగి నా అడుగుల వరసను ఫోటో తీసుకున్నాను.

తిరిగి వచ్చాక బూట్లు కడిగి మామకే ఇచ్చాను. ఆయన వాటిని తిరగేసి, అడుగున ఉన్న గాడుల్లో వేలు పెట్టి వెతికాడు.

"గివి మంచు మీద నడిసినయా?"

"నడిచాయి మామా."

"గట్లయితే సగం నేను గూడ వోయొచ్చినట్టే," అన్నాడు. ఉత్తరం చదివి కంగారుపడ్డ నేను, ఈ మనిషికి ఎప్పుడైనా కొండ చూడాలనుందా అని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు డాక్టరు నన్ను ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. అమ్మ దేవుడి గది వైపు చూస్తుంది. ఆ గది పక్క గోడ మీదే మంచు ఫోటో ఉంది. చూసినవాళ్లు "ఇవి నీ అడుగులేనా?" అంటారు. అవునని చెప్పబోయి, ఎందుకో ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.