చెట్టు చుట్టూ చెరో వైపు

అమెరికాలో చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో జ్ఞానమ్మని ఎరిగినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. డిసెంబర్ మొదటి శనివారం ఆవిడని ఏ పనికీ పిలవకూడదు. హాస్పిటల్లో నర్సుగా పండగ పూట కూడా డ్యూటీకి ఒప్పుకునే మనిషి, తెలుగు చర్చిలో వంటలన్నీ నెత్తినేసుకునే మనిషి, ఆ ఒక్క శనివారం మాత్రం ఎవరికీ దొరకదు. ఆ రోజు కూతురు అబిగేల్‌ని తీసుకుని క్రిస్మస్ చెట్టు తెచ్చుకోవాలి.

"చచ్చిన చెట్టు కోసం ఇంత హడావుడా, జ్ఞానం," అనేవాడు భర్త దైవాశీర్వాదం ఏటేటా. "ప్లాస్టిక్‌ది ఒకటి కొని పడేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

ఆయనకి సోఫాలోంచి లేవడమే పెద్ద పని. ఆయన మాట పట్టించుకుని ఉంటే ఆ ఇంట్లో ఒక్క పండగా పండగలా జరిగేది కాదు.

జ్ఞానమ్మది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. వాళ్ళ నాన్న తోటలోంచి కొట్టుకొస్తే, కిరసనాయిలు డబ్బాలో ఇసక పోసి నిలబెట్టి, దూది అంటించి అదే మంచు అనుకునేవాళ్ళు. రెండువేల ఒకటిలో అమెరికా వచ్చిన కొత్తలో అలవాటు కొద్దీ ఆవిడ అదే పని చేసింది. పచ్చగా నిగనిగలాడే చెట్టుని తెచ్చి ఇసక బకెట్టులో దిగేసింది. కొట్టేసిన చెట్టుకి రోజూ నీళ్ళు పెట్టాలని ఆవిడకి ఎవరు చెప్పారు గనక? హీటర్ వేడికి సూదుల్లాంటి ఆకులన్నీ కార్పెట్ మీద రాలిపోయి, పండగ నాటికి ఒట్టి పుల్లలు మిగిలాయి. ఏడేళ్ళ అబిగేల్ వాటిని చూసి ఒకటే ఏడుపు. దైవాశీర్వాదం ఆ కథ చర్చి అంతా చెప్పి నవ్వించాడు. జ్ఞానమ్మకి తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు ఊరి బయట మొక్కజొన్న చేల అవతల ఒక చెట్ల తోట ఉందని కనుక్కుంది. మనమే వెళ్ళి, మనకి నచ్చినదాన్ని మనమే రంపంతో కోసుకోవాలి. అబ్బ, ఆ శనివారాలు! చలికి ముక్కులు ఎర్రబడి, బూట్ల నిండా బురద, వరసల మధ్య తల్లీకూతుళ్ళు గంటలు గంటలు తిరిగేవారు. ఆకు విరిచి వాసన చూసేవారు. కాండం పట్టుకుని ఊపి, ఆకు రాలితే పక్కదానికి పోయేవారు. ఒకటి నచ్చిందా, అప్పుడు అసలు పరీక్ష. తల్లి చెట్టుకి ఒక వైపునుంచి, కూతురు రెండో వైపునుంచి బయల్దేరి, చుట్టూ చూసుకుంటూ వచ్చి వెనకాల కలుసుకోవాలి. కలిసినప్పుడు ఇద్దరి మొహాల్లోనూ నవ్వుంటేనే అది వాళ్ళ చెట్టు. ఎవరి మొహం మాడినా ఇంకోటి వెతకాలి. ఆ ఆట కనిపెట్టింది జ్ఞానమ్మే. కూతురి చిన్నతనమంతా డ్యూటీల్లో జారిపోయింది. స్కూల్లో పాటలకి వెళ్ళలేదు, ఆటలకి వెళ్ళలేదు. ఆ పిల్లకి తను పూర్తిగా ఇచ్చిన రోజు ఏదైనా ఉందంటే ఇదొక్కటేనని ఆవిడ నమ్మకం. అబిగేల్ చికాగోలో కాలేజీలో చేరాక కూడా ఆ శనివారానికి రైలెక్కి వచ్చేసేది.

రెండువేల పధ్నాలుగులో రాలేదు.

"మామ్, ఈ ఇయర్ కుదరదు. ఫైనల్స్ ఉన్నాయి," అంది ఫోన్లో. "నువ్వు, డాడీ వెళ్ళండి."

"మీ డాడీ కారు కూడా దిగడు. నువ్వు లేకుండా నేనెందుకు వెళ్తాను, అబీ? ఈసారికి మానేద్దాంలే."

"సారీ మామ్. క్రిస్మస్‌కి వస్తాను కదా. ర్యాన్‌ని కూడా లంచ్‌కి తీసుకొస్తా."

ర్యాన్ అంటే ఫ్రెండ్ అని చెప్పింది. ఆ ఫ్రెండ్ అంటే ఏమిటో తెలియనంత అమాయకురాలు కాదు జ్ఞానమ్మ. అయినా మంచివాడైతే చాలనుకుంది.

మానేద్దామని అందేగానీ, శనివారం తెల్లారేసరికి ఆవిడకి కాలు నిలవలేదు. పరీక్షలు రాసి అలిసిపోయి వచ్చిన పిల్లకి ముందుగదిలో ఆ మూల బోసిగా కనిపిస్తే ఎలా? చెట్టు చూసి ఎంత మురిసిపోతుందో కదా! ఒక్కతే కారు తీసుకుని వెళ్ళింది.

ఆ రోజు తోటలో ఒక్కతే తిరుగుతున్నా ఆవిడకి సంతోషంగానే ఉంది. ఆకు విరిచింది, వాసన చూసింది. అబిగేల్‌కి నచ్చేలాంటి చెట్టు, నిండుగా, కింద గౌను పరిచినట్టుండేది, దొరికింది. తనే ఒకసారి కుడివైపునుంచి, మళ్ళీ ఎడమవైపునుంచి తిరిగి చూసి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడింది. తోటవాళ్ళిచ్చిన రంపం పట్టుకుని, కింది కొమ్మలు ఎత్తి, నేలమీద బోర్లా పడుకుని కోయడం మొదలుపెట్టింది.

సగం కోసేసరికి పక్క వరసలో మాటలు వినిపించాయి. రంపం ఆపింది. కొమ్మల కిందనుంచి చూస్తే బూట్లు కనిపించాయి. గోధుమరంగు బూట్లు, చీలమండ దగ్గర బొచ్చు. పోయిన పుట్టినరోజుకి తను కొనిపెట్టినవే.

"మీరు అటునుంచి రండి, నేను ఇటునుంచి వస్తాను," అంటోంది అబిగేల్. మాటలన్నీ ఇంగ్లీషులోనే. "వెనకాల కలిసినప్పుడు ఇద్దరమూ నవ్వుతుంటే ఇదే మన చెట్టు."

ఇంకో జత బూట్లు, పెద్దావిడవి, చెట్టుకి అటువైపు నడిచాయి. రెండు జతలూ వెనకాల కలుసుకున్నాయి. ఒకటే నవ్వులు.

"ఎంత బాగుందో! ర్యాన్, చూశావా?" అంది ఆ పెద్దావిడ, ర్యాన్ తల్లి కాబోలు. "ఇది నీకెవరు నేర్పారు అబీ?"

"ఎవరూ లేదు. ఇప్పుడే తోచింది. మా ఇంట్లో ఎప్పుడూ ప్లాస్టిక్ చెట్టే. నిజం చెట్టు కొనడం ఇదే మొదటిసారి."

"అయ్యో పాపం," అంది ఆవిడ. ఆవిడ బూట్లు అబిగేల్ బూట్లని ఆనుకునేంత దగ్గరికి జరిగాయి. "మొదటి చెట్టు నీకు మేం చూపించామన్నమాట."

"అవును," అంది జ్ఞానమ్మ కన్న కూతురు.

చలికి గడ్డకట్టిన నేలమీద జ్ఞానమ్మ అలాగే పడుకుంది. ఫైనల్స్ అబద్ధం అయితే అయింది, అది మింగేయగలదు. ఆ వయసులో ఎవరు ఆడరు? కానీ ఇన్నేళ్ళ శనివారాలని ఒక్క మాటతో తుడిచేసిందే, ఎలా నోరొచ్చింది? ఏం తప్పు చేశానని? ఇసక బకెట్టు చూసి సిగ్గుపడిందా, నన్ను చూసి సిగ్గుపడిందా? లేచి వాళ్ళ ముందు నిలబడదామనుకుంది. ఒళ్ళంతా మట్టి, జుట్టులో ఆకులు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా లేవలేదు.

తోటవాడికి రంపం తిరిగిచ్చి, చెట్టు ఖరీదు కట్టేసి, "సగం కోశాను, మిగతా సగం కోసి కావలసినవాళ్ళకి ఇచ్చేయండి," అని చెప్పి బయల్దేరింది. దారిలో పెద్ద షాపు దగ్గర ఆగి ప్లాస్టిక్ చెట్టు కొంది.

"ఇన్నాళ్ళకి నా మాట విన్నావు," అని మురిసిపోయాడు దైవాశీర్వాదం.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అబిగేల్ ర్యాన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. కోటు విప్పుతూ మూలకి చూసి ఆగిపోయింది.

"మామ్, ఏంటిది? ఎప్పుడు కొన్నావు?" అంది తెలుగులో.

ర్యాన్‌కి ఆ మాట అర్థం కాలేదు. నెమ్మదైన కుర్రాడు, పాపం. చెట్టు దగ్గరికి వెళ్ళి ఆకు తాకి చూసి, "అబీ చెప్పింది ఈ చెట్టు గురించి. చిన్నప్పటినుంచీ మీ ఇంట్లో ఇదేనటగా," అన్నాడు ఇంగ్లీషులో.

జ్ఞానమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

"అవును బాబూ," అంది తనూ ఇంగ్లీషులోనే. "ఎప్పుడూ ఇదే."

"అదేంటి, మొన్ననే కదా..." అని దైవాశీర్వాదం మొదలుపెట్టాడు.

"మీరు ప్లేట్లు తీయండి," అని ఆయన నోరు మూయించి వంటింట్లోకి వెళ్ళింది.

అబిగేల్ వెనకాలే వచ్చింది. పాలిపోయి ఉంది.

"అమ్మా," అంది. స్కూలు రోజులనుంచీ ఆ పిలుపు మానేసింది. "నువ్వు అక్కడ ఉన్నావా?"

"పక్క వరసలోనే. నీ కోసమే చెట్టు కోస్తున్నా."

"నన్ను పిలవలేదేం?"

"పిలిస్తే నేనెవరని చెబుదువు వాళ్ళకి?"

అబిగేల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు ఎప్పుడు ఏడ్చినా కొంగు అందించే జ్ఞానమ్మ ఈసారి కదల్లేదు.

"ఏడవకు. ఆ అబ్బాయి చూస్తే ఏమైందని అడుగుతాడు. మళ్ళీ ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ఇదిగో, కజ్జికాయలు పట్టుకెళ్ళి పెట్టు."

అబిగేల్ కళ్ళు తుడుచుకుని పళ్ళెం అందుకుంది. వంటింటి గుమ్మం దాటేలోపే ఆమె మొహంలోకి నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు ఎంత తేలిగ్గా వస్తుందో జ్ఞానమ్మ ఆ శనివారమే విన్నది.