రెండు పక్కల నలుపు

భోపాల్‌పట్నం బజారులో పాత పెళ్లి క్యాసెట్లను డీవీడీలుగా మార్చే ఒకాయన ఉండేవాడు. ఏ బొమ్మ చూడబోయినా ముందు తెరను చొక్కా అంచుతో తుడిచి, "ఉన్నది పోనియ్య, లేనిది తేను" అనేవాడు.

మా అమ్మ పోయాక ఆమె కదిలే బొమ్మ నా చెల్లెలి పెళ్లి క్యాసెట్‌లో మాత్రమే మిగిలింది. దాన్ని ఆయన డీవీడీ చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి మా కొత్త వెడల్పు టీవీలో పెడితే అమ్మ మొహం గుమ్మడికాయలా పరుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. దుకాణానికి పోయి కొట్లాడాను.

"మా అమ్మను ఏం చేసినవన్నా? ఇప్పపూలు ఏరి ఏరి పుల్లలా ఉండేది!"

ఆయన కోప్పడలేదు. దుకాణానికి తాళం వేసి నాతో ఇంటికి వచ్చాడు. మా టీవీని కూడా తుడిచి, రిమోట్‌లో ఏదో నొక్కాడు. బొమ్మ మధ్యకు ముడుచుకుంది. సన్నటి మా అమ్మ, వియ్యపురాలికి తమలపాకు అందిస్తూ కనిపించింది.

"పక్కల ఆ నలుపేందన్నా? సగం టీవీ ఖాళీ!"

"ఆనాటి తెర అంతే అక్కా. ఆ ఖాళీ నింపుదామని టీవీ మీ అమ్మను సాగదీసింది."

"మసకగా కూడా ఉంది."

"క్యాసెట్‌ల ఉన్నదే అంత. ఇంకా మెరుగు పెడితే మొహం మైనపు బొమ్మయితది. లేనిది తేను."

వెళ్లేముందు డిస్కు మీద పెన్నుతో ఏదో రాశాడు. నాకప్పుడు చదవడం రాదు. దుకాణం పేరనుకున్నాను.

తర్వాత ఆయన దుకాణం ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకుని, ఒకరోజు ఆ డిస్కు తీసి కూడబలుక్కుని చదివాను.

"అమ్మ. సాగదీయొద్దు."