కాలెత్తిన కుక్కకు కట్టిన రైక

ఆ రోజుల్లో గొప్పింటి కుక్కకున్న భోగం నాలాంటి ఆడదానికి ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన వాకాడు దిగువన, సరస్సు ఒడ్డున ఒక బంగళాకు కావలివాడు. దాని ఆసామి చలికాలంలో బాతుల వేటకు నెల్లూరు నుంచి వచ్చేవాడు. మేము వేటదొర అనేవాళ్లం. ఒకసారి దూడంత సీమకుక్కను తెచ్చి మా పాకలో కట్టేసి, మళ్లీ వారం వస్తానని వెళ్లిపోయాడు. పిట్టల వేటకు పెంచిన జాతట. దానికి మాంసం, గుడ్డు. నాకు గంజి. (మా ఆయన దాని చెవులు దువ్వేవాడు. నా తల ఏనాడూ దువ్వలేదు.) "దానికేమన్నా అయితే మన కూడు పోయినట్టే" అని మాత్రం రోజూ చెప్పేవాడు.

దొర వచ్చే ముందురోజు అది పెరట్లో గంప ముందు ముందరికాలు ఒకటి పైకెత్తి, తోక చాపి, కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. పిలిస్తే పలకదు, కాలు దించదు. ముల్లు వెతికాను, లేదు. ఎముక విరిగిందని మా ఆయన తేల్చేశాడు. కొలువు పోతుందని నేనే వైద్యానికి దిగాను. పసుపు, సున్నం పట్టించి, వెదురుబద్దలు పెట్టి, నా పెళ్లిరైక చించి కట్టు కట్టాను. (ఉన్నవి రెండే, రెండోది ఒంటి మీద ఉంది.) నడిపిస్తే కుంటింది. బద్దలు కట్టాక ఏ కాలు వంగుతుంది? విరిగిందనేది ఖాయమైపోయింది.

మరునాడు దొర వచ్చి, చూసి, మండిపడి, కట్టు విప్పించాడు. కుక్క నాలుగు కాళ్లతో ఉరికి, మళ్లీ గంప ముందే కాలెత్తింది. గంప ఎత్తితే, పొదుగుతున్న నా కోడి. పిట్ట ఉన్నచోటు అట్లా నిలబడి చూపించడమే దాని విద్యట. దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాలు కాదమ్మే, అది యాడ చూస్తా ఉందో చూడాల" అన్నాడు. నవ్వు అయ్యాక ఆ కోడినే మధ్యాహ్నానికి కోయమన్నాడు.

మా ఆయన కత్తి కోసం లేచాడు. నేను గంపకు అడ్డం కూర్చున్నాను. "కోడిని ఇయ్యను. యాడ చూడాల్నో మీరు ముందే చెప్పుంటే నా రైక మిగిలుండేది గదయ్యా" అన్నాను. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. దొర మా ఆయనతో, "నీ పెండ్లాం కంటే కుక్కే నయంరా, కరవదు" అని తుపాకీ తీసుకుని సరస్సు వైపు పోయాడు. కొలువు నిలిచింది. రైక మాత్రం రాలేదు.

ఆ తర్వాత నేను కోపంగా గడపలో నిలబడితే చాలు, మా ఆయన "యాడ చూస్తా ఉండావే, ఏం పిట్ట?" అని ఏడిపించేవాడు. ఆయన పోయాడు. ఇప్పుడు మోకాలినొప్పికి పసుపు పట్టించి, ఒక కాలెత్తి అదే గడపలో నిలబడతాను. మనవరాలు కాలు చూసి మందు తెస్తుంది. యాడ చూస్తున్నానో అడిగే మనిషి లేడు. ఆ అడిగే పని వదిలేసి పోయినందుకు ఆయన మీద కోపం వస్తుంది. వెంటనే ఆ కుక్క కాలికి కట్టిన నా పెళ్లిరైక గుర్తొచ్చి, నవ్వూ వస్తుంది.