బ్రిటనీలో మా నాయినమ్మ రాయి

ఆ రోజుల్లో సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్ళం ఉండే మా కుంఠా నాకాలో, డిగ్రీ పాసైన ఆడపిల్లకు రెండే దారులు కనిపించేవి, ఒకటి పెళ్ళిచూపులు, రెండోది బీడీల చాట. నేను మూడో దారి పట్టాను. కొంతం చౌక్ దగ్గర ఒక మేడ మీద నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని, లోకంలోని ఊళ్ళన్నిటి గురించీ ఇంగ్లీషులో రాసి ఏదో విదేశీ వెబ్‌సైటుకు పంపే ఆఫీసులో చేరాను. చేరానంటే పూర్తిగా చేరినట్టు కాదు, ఒక నెల చూస్తామన్నారు. అమ్మా అదే మాటంది: "నెల దినాలు నేనూ చూస్త బిడ్డా. వాళ్ళు వద్దంటే మాట్లాడకుంట చాట ముందల కూసోవాలె." నాకేమో తునికాకు కత్తిరించడమంటే చిన్నప్పటినుంచీ ఏడుపే (నేను చుట్టిన బీడీని పైకెత్తి చూసి మా నాయినమ్మ "ఇదేందే, కడుపుతోటున్నదా?" అని అడిగేది). అందుకే ఆ ఉద్యోగం నాకు ప్రాణంతో సమానం.

మా సారుకు మేం పెట్టుకున్న పేరు ఆరొందల సారు. మహానగరమైనా, మారుమూల పల్లెయినా ఆయనకు ఆరువందల మాటలు కావాలి. తగ్గితే "నాహీ చాలణార్", చెల్లదు పొమ్మని మరాఠీలో అని కాగితం వెనక్కి తోసేవాడు. నా వంతుకు వచ్చిన మొదటి ఊరు ఫ్రాన్సులో బ్రిటనీ అనే ప్రాంతంలోని ఒక చిన్న పల్లె. దాని పేరు పలకడం నాకు ఇప్పటికీ రాదు. దాని భౌగోళిక పరిస్థితి, జనాభా, వారసత్వం రాయాలి. రెండురోజులు వెతికితే దొరికిందల్లా ఇంతే: చిన్నచిన్న గుట్టలు, ఒక వాగు, చుట్టూ కంచెమొక్కలు నాటిన పొలాలు, ఎడతెగని వాన. జనం మా గల్లీలో ఉన్నంతమంది కూడా లేరు, ఉన్నవాళ్ళూ తగ్గిపోతున్నారు. రాతి చర్చి ఒకటి, ఆడవాళ్ళు వెనకట బట్టలుతుక్కున్న రాతి తొట్టి ఒకటి. ఆ వానను ఎంత సాగదీసినా నాలుగువందల యాభై మాటలు దాటలేదు. తెల్లారితే సారుకు ఇవ్వాలి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరుగు మీద మా నాయినమ్మ, మేనత్త, ఎదురింటి రేడియో వదిన (ఆమె నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు) చాటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు.

"ఏందే, మొఖమట్ల పెట్టినవ్?" అంది నాయినమ్మ.

"నా ఊరు తక్కువ పడ్డది నాయినమ్మా," అన్నాను ఏడుపు గొంతుతో.

ఇక్కడ మా అరుగు మర్యాద ఒకటి చెప్పాలి. బీడీలు కార్ఖానాకు తీసుకెళ్ళే వేళకు ఎవరి కట్టలోనైనా రెండో మూడో తక్కువ పడితే, పక్కనున్నవాళ్ళు తమ చాటలోంచి తీసి ఆ కట్ట నింపుతారు. నిండని కట్టను కార్ఖానావాళ్ళు తీసుకోరు మరి. ఇచ్చినవాళ్ళు మళ్ళీ అడగరు. కాబట్టి ఒక ఊరు తక్కువ పడిందంటే ఏం చెయ్యాలో ఆ ముగ్గురికీ వెంటనే అర్థమైపోయింది.

"ఆ ఊరోళ్ళు ఏం పని జేస్తరు?" అని అడిగింది మేనత్త.

"ఇప్పుడు ఎవుసమే. వెనకట అవిసె నారతోటి బట్ట నేసేటోళ్ళంట."

మూడు చాటలూ ఒక్కసారి ఆగిపోయాయి.

"ఓసి నీ! గిది ముందుగాల చెప్పాలె గదనే. మనోళ్ళే!" అంది రేడియో వదిన, చుట్టాల కబురు తెలిసినంత సంబరంగా.

ఇక దానాలు మొదలయ్యాయి. వదిన వాళ్ళ పుట్టింటివారి ఊళ్ళోని ఒక బావి ఇచ్చింది, దాని నీళ్ళతో గంజి పెడితే నూలు తెగదట. మేనత్త ఒక జాతర ఇచ్చింది (అందులోంచి మేకను నేను తీసేశాను). నాయినమ్మ చాట పక్కకు జరిపి, కాళ్ళు చాపుకుని, తీరిగ్గా తన ఊరి రాయి ఇచ్చింది. నేతకు ముందు నిలువు దారాలను వీధి పొడవునా సాచి కడతారు, దాన్నే పడుగు అంటాం.

"మా ఊర్ల పడుగు సాచే గల్లీ మొదట్ల నల్లరాయి ఉంటది బిడ్డా. తాడు దానికే కట్టేది. కొత్త కోడలు ఎవలొచ్చినా ముందుగాల ఆ రాయికి పసుపు రాసి మొక్కాలె, ఆ తర్వాతనే ఇంట్లకు. నేసేటోళ్ళ ఊరన్నంక రాయి ఉండకుంట ఎట్లుంటది? పెట్టెయ్."

పెట్టేశాను. పసుపు తీసేసి పూలు పెట్టాను, అంత తెలివి ఉంది నాకు. లెక్క చూస్తే ఆరువందల ఎనిమిది మాటలు. సారు మొదటిసారి నా వంక చూసి తలాడించాడు. ఊరు వెబ్‌సైటులోకి ఎక్కింది, నేను గాల్లో తేలాను.

నెల నిండడానికి రెండురోజుల ముందు ఆఫీసు ఈమెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఆ పల్లెలో పనిచేసి రిటైరైన టీచరు. "మా ఊళ్ళో పాత సంగతులు కాపాడే ముసలివాళ్ళం కొందరం ఉన్నాం. కోడళ్ళు పూలు పెట్టే రాయి సంగతి మాకు ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గుపడ్డాం. ఆదివారం అందరం వానలో కర్రలు పట్టుకుని కంచెలన్నీ గాలించాం. రెండు రాళ్ళు దొరికాయి. ఒకదానికి ఒకాయన ఆవును కట్టేవాడు, గౌరవం కొద్దీ ఇప్పుడు మానేశాడు. రెంటిలో అసలుది ఏదో దయచేసి తెలపగలరు," అని రాసింది.

"కాయ్ గ హే? ఏంటిది?" అని సారు బల్ల మీద కొట్టాడు. "ఎవరిదమ్మా ఈ రాయి?"

"మా నాయినమ్మది సార్," అని బావురుమన్నాను.

లేనివన్నీ తీసెయ్యమన్నాడు. ఆవిడకు నిజం రాయమన్నాడు. ఆవిడ వెబ్‌సైటువాళ్ళకు ఫిర్యాదు చేస్తే మర్నాటినుంచి నన్ను రావద్దన్నాడు. నిజమైనా సరిగ్గా రాద్దామని ఇంటికెళ్ళి, "రాయి ఎంత ఎత్తుంటది నాయినమ్మా?" అని అడిగాను. ఆమె ఆకులు సర్దుకుంటూ ఉండిపోయింది. మళ్ళీ అడిగితే, "చూసినోళ్ళకు తెలుస్తది," అంది. "నేనేడ చూసిన? ఈడనే పుట్టిన, ఈడనే మనువాడిన. ఆడికెల్లి వచ్చింది మా అత్త, ఆమె చెప్పేది." పుట్టిన్నాటినుంచి ఆ ఊరు ఆమె నోటే విన్నాను. వీధి మలుపులతో సహా చెప్పేది.

అదీ ఆవిడకు రాసేశాను. రెండోరోజు జవాబు వచ్చింది. ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు. వానలో అలా అందరూ కలిసి నడిచి చాలా కాలమైందనీ, ఆవు తిరిగి తన రాయి దగ్గరకు చేరిందనీ, మా నాయినమ్మకు నమస్కారాలనీ రాసింది. సారు నా నెల పూర్తయిందని ఒప్పుకుంటూ, "ఇంకోసారి ఊరు తక్కువ పడితే నాకు చెప్పు, మీ నాయినమ్మకు చెప్పకు," అన్నాడు. ఆ సాయంత్రం గల్లీలో ఇంటింటికీ కోవా పేడాలు పంచాను.

చివరికి నాయినమ్మ దగ్గర కూర్చుని ఉత్తరం చదివి వినిపించాను. ఆమె పేడా చేతిలోనే పట్టుకుని, "మన రాయి తీసేసినవా?" అంది.

"తీసెయ్యాలె గద నాయినమ్మా. ఆడ లేదు."

"ముసలోళ్ళు వానల తడుసుకుంట దేవులాడిన్రా?"

"అవ్, అందరు."

"పాపం," అంది. చేతిలో పేడాను అటూ ఇటూ తిప్పుతూ, "మనింట్ల ఒక్కలన్న దేవులాడలే. వాళ్ళన్న దేవులాడిన్రు," అంది.

నేను కిసుక్కున నవ్వి, ఉద్యోగం దక్కిన ఊపులో ఇంకో పేడా ఆమె నోట్లో పెట్టాను. నాయినమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి ఎన్నో దేశాల ఊళ్ళ గురించి రాశాను, ప్రతి రాయినీ రెండుసార్లు సరిచూసుకుని మరీ రాశాను. ఆ పేడాల పిల్ల తలపుకొస్తే నవ్వూ వస్తుంది, రెండు తగిలించాలనీ అనిపిస్తుంది. సోలాపూర్ బస్టాండులో నాయినమ్మ చెప్పే ఆ ఊరి వైపుకు బస్సు రోజూ ఉండేది. "పద నాయినమ్మా, మనమూ పోయి దేవులాడుదాం," అనాలని ఆ పిల్లకు తట్టనే లేదు.